తాలీంలో అబ్బా అనకూడదు

అన్న పోయి ఏడాది నిండిందని సంవత్సరీకం పెడితే జగిత్యాలకు వెళ్లాను. అన్న కొడుకు అక్కడే ఏదో చిన్న ఉద్యోగం చేసుకుంటూ ఒక మేడ మీద అద్దెకు ఉంటున్నాడు. విస్తళ్లు లేచాయి, చుట్టాలు ఎవరి బస్సుకు వాళ్లు వెళ్లిపోయారు, వదిన గోడకు ఆనుకుని కునుకు తీస్తోంది. అప్పుడు అన్న మనవరాలు అక్షిత తెల్లబట్టలు తొడుక్కుని, నడుముకు రంగు పట్టీ బిగించుకుంటూ వచ్చి నా ముందు నిలబడింది. "అమ్మమ్మా, కరాటేకు పోతున్న. నువ్వు గూడ రా. పెద్దోళ్లు అచ్చి సూడొచ్చని మా సార్ చెప్పిండు" అంది. తాత సంవత్సరీకం నాడు ఈ తన్నులాట ఏమిటని వాళ్లమ్మ గదమాయించబోయింది. నేనే అడ్డుపడ్డాను. పొద్దున్నుంచి ఆయనకు ఇష్టమైనవని గారెలూ పాయసమూ వండి పెట్టాం, నిజానికి ఆయనకు తిండి మీద ఎన్నడూ అంత ధ్యాస లేదు, అన్నిటికంటే ఇష్టమైనది ఇదిగో ఈ పిల్ల చేయబోయే పనే, పోనియ్యి అన్నాను. అని, చెప్పులు వేసుకుని పిల్ల వెంట నడిచాను.

అది ఒక బట్టల దుకాణం పైన పొడవాటి గది. మెట్లు నిటారుగా ఉన్నాయి. లోపల నేల మీద నీలం రబ్బరు పరుపులు పరిచారు, చెమటా రబ్బరూ కలిసిన వాసన. సార్ అనే ఆయన ముప్ఫై నిండని కుర్రాడు. మనిషి సన్నమే కానీ మెడ గట్టిది. మెడ చూసి మనిషిని అంచనా కట్టడం మా ఇంటి అలవాటు, పోదు. పిల్లలు రాగానే తన్నుకుంటారేమో అనుకున్నాను. చాలాసేపు ఎవరూ ఎవరినీ తాకలేదు. పరుగెత్తారు, తాడాట ఆడారు, కూర్చుని లేస్తూ బస్కీలు తీశారు, బోర్లా మోచేతుల మీద పలకలాగా బిగుసుకుని ఉన్నారు, బరువైన బంతిని గుండెలకు హత్తుకుని లేచి కూర్చున్నారు. నా పక్కన కూర్చున్న ఒక తండ్రి అడిగాడు, "సార్, పైసలు గట్టింది కరాటేకు గద, గీ ఉరుకుడు ఇంటికాడ గూడ ఉరుకుతరు గద?" అని. సార్ నవ్వి, "తన్నుడు ఎప్పుడైన నేర్సుకోవచ్చు అంకుల్. ముందుగాల తొడలు, నడుము గట్టిపడాలె. ఒంట్ల బలముంటే కిందపడ్డా దెబ్బ తాకది. మనసుల భయం పోతది, కోపం తగ్గుతది. గదే అసలు కరాటే" అన్నాడు. నేను ఉలిక్కిపడ్డాను. మాటకు మాట, ఇవి మా నాన్న మాటలు, మా బాపు మాటలు. ఈ కుర్రాడు పుట్టకముందే ఆయన నోరు మూతపడింది.

ఆ తర్వాత పిల్లల్ని వరసగా నిలబెట్టి గుద్దులు మొదలుపెట్టించాడు. ప్రతి గుద్దుకూ, "నోరు తెరువుండ్రి! కడుపుల నుంచి అరువుండ్రి! ఊపిరి బయటికి పోవాలె!" అని చప్పట్లు కొట్టాడు. పిల్లలు గది అదిరేలా అరిచారు. అక్షిత అందరికంటే గట్టిగా అరిచింది, మెడ నరాలు ఉబ్బేలా. నాకు దుఃఖం ఆగలేదు. పక్కన కూర్చున్న ఆయన నీళ్ల సీసా ఇచ్చాడు, ఎండదెబ్బ అనుకున్నాడు పాపం. మా అన్నకు ఈ ఒక్క ముక్క, నోరు తెరిచి అరవడం, ఎవరైనా నేర్పి ఉంటే ఆయన బతుకు ఇంకోలా ఉండేదని ఆ సీసా ఇచ్చిన మనిషికి నేనేం చెప్పగలను?

మా బాపు కోరుట్లలో ఉస్తాద్. పుట్టింది సిరిసిల్లలో, నేతపని వాళ్ల ఇంట్లో. అక్కడే ఎవరో పెద్ద పైల్వాన్ దగ్గర కుస్తీ నేర్చుకున్నాడు. పెళ్లయ్యాక కోరుట్లకు వచ్చి ముందరింట్లో గుంట మగ్గం వేశాడు, వెనక దొడ్లో రేకుల కొట్టం వేసి కుస్తీ నేర్పే తాలీం పెట్టాడు. మగ్గం మాకు కూడు పెట్టేది, తాలీం ఆ కూడులో సగం తినేసేది. కొట్టం మధ్యన గోదా, అంటే కుస్తీ పట్టే మెత్తటి ఎర్రమట్టి గుంత. గోడకు అంజన్న పటం, దాని కింద మూలకు నిలబెట్టిన బరువైన కర్ర గదలు, కర్రసాము కట్టెలు, దూలానికి వేలాడే మోకు. పొద్దు పొడవకముందే బాపు మట్టి మీద నీళ్లు చల్లి, ఊదు వేసి, పార పట్టుకుని గోదా అంతా తవ్వేవాడు. ఆ మట్టిలో మజ్జిగ, పసుపు, నువ్వుల నూనె, నిమ్మరసం కలపాలి. లేకపోతే ఒంటికి గజ్జి లేస్తుందట. మా అమ్మకు, అంటే మేం పిలిచే అవ్వకు, అక్కడే మండేది. "కూరలకు పసుపు లేదు గని మట్టికి పసుపు పెడుతున్నడు. మజ్జిగ పొల్లగాళ్ల నోట్లకు పోదు, గుంతలకు పోతది. ఏం జేస్తది గా మట్టి, బిడ్డను కంటదా?" అని పొయ్యి ముందు కూర్చుని వినపడేలా అనేది. బాపు వినేవాడు కాదు. అయినా రాత్రే శనగలు నానబెట్టి, తెల్లారి వచ్చిన ప్రతి పిల్లవాడి దోసిట్లో పిడికెడు పోసేది కూడా ఆవిడే. ఆదివారం పూట మేకకాళ్ల పులుసు పెట్టేది. పులుసు మరుగుతున్న వాసన, ఊదు వాసన, దండెం మీద ఆరే లంగోటీల వాసన, మగ్గం గంజి వాసన, ఈ నాలుగూ కలిస్తే మా ఇల్లు.

తాలీంకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది మగ్గం మీద పెరిగిన పిల్లలు. గుంటలో కాళ్లు దించుకుని పొద్దంతా ముందుకు వంగి కూర్చునేవాళ్లు కాబట్టి పదహారేళ్లకే భుజాలు లోపలికి ముడుచుకుని, ఛాతీ బోలుగా ఉండేది. "మగ్గం మనిషిని ముంగటికి వంచుతది, తాలీం ఎనకకు లేపుతది" అనేవాడు బాపు. కొత్తగా వచ్చినవాణ్ణి నెలల తరబడి కుస్తీ పట్టనిచ్చేవాడు కాదు. మట్టి తవ్వమనేవాడు. తవ్వితే నడుమూ పిడికిలీ గట్టిపడతాయి. తర్వాత బస్కీలు, ఎందుకంటే కుస్తీ చేతుల్లో లేదు, తొడల్లో ఉందని ఆయన నమ్మకం. తర్వాత నేలకు చేతులు ఆనించి దండీలు, తర్వాత గదలు తిప్పడం, వాగు ఇసుకలో పరుగు. పట్లు నేర్చుకుందామని ఉబలాటంగా వచ్చినవాళ్లు విసుగెత్తి సగం మంది పోయేవాళ్లు. మిగిలినవాళ్ల నడకే మారిపోయేది. బజారులో ఊరికే కొట్లాటలు పెట్టుకునేవాడు మాట తగ్గించేవాడు, కల్లు కాంపౌండు వదలనివాడు ఇంటికి చేరేవాడు. తెల్లారి లేవాలి కాబట్టి పొద్దు గుంకగానే నిద్రపోయేవాళ్లు. ఒంట్లో సత్తువ ఉన్నవాడికి దాన్ని చూపించుకోవాలన్న యావ ఉండదని బాపు చెబితే మేం నమ్మేవాళ్లం కాదు. కానీ ఆ పిల్లల్ని చూస్తే నిజమే అనిపించేది.

మా అన్న మల్లేశం చిన్నప్పుడు వట్టి ఏడుపుగొట్టు. కోడిని కోస్తే ఏడిచేవాడు, బడిలో పక్కవాణ్ణి కొడితే వీడు ఏడిచేవాడు, అవ్వ పుట్టింటికి పోతానని ఉత్తినే అన్నా గడప పట్టుకుని ఏడిచేవాడు. ఉస్తాద్ కొడుకు ఏడుపుమొహంగాడని గల్లీ అంతా నవ్వేది. బాపు వాణ్ణి గోదాలోకి దించి, మిగతా అందరికీ ఉన్న నియమమే వాడికీ పెట్టాడు. మా తాలీంలో దెబ్బ తగిలితే అబ్బా అనకూడదు. అమ్మా అనకూడదు. అన్నవాడు ఇరవై బస్కీలు తీయాలి, తీస్తుంటే చుట్టూ నిలబడి అందరూ నవ్వుతారు. "నోరు తెరిస్తె బలం బయటికి పోతది. ముక్కుతోని ఇడువు. నొప్పిని లోపట్నే నలుపు, అదే సల్లబడుతది" అనేవాడు. మొదట్లో అన్న రోజూ బస్కీలు తీస్తూనే ఉండేవాడు. మెల్లగా తగ్గాయి. ఇద్దరు ముగ్గురు మీద పడి మెడ వంచుతున్నా పెదవులు బిగించి, ముక్కుపుటాలు మాత్రం కదిలిస్తూ నిబ్బరంగా ఉండేవాడు. వాడి భయమంతా ఎటు పోయిందో పోయింది. ఏడుపు మానినందుకు అవ్వ కొండగట్టు అంజన్నకు టెంకాయలు కొట్టింది. మేమంతా నడిచివెళ్లి మొక్కు చెల్లించుకున్నాం. ఆ రోజు ఎంత సంబరపడ్డామో.

ఆడపిల్లను కాబట్టి నాకు గోదాలో చోటు లేదు. కానీ అందరూ పోయాక అన్న నాకు గదలు తిప్పడం నేర్పేవాడు, మగ్గం పక్కన బస్కీలు తీయించేవాడు. బాపు చూసీ చూడనట్టు పోయేవాడు. ఒకసారి గద జారి నా కాలి బొటనవేలి మీద పడింది. నేను అబ్బా అని గట్టిగా అరిచాను. ఉస్తాద్ బిడ్డవై గట్లంటవా, తియ్యి ఇరవై, అన్నాడు అన్న. వేలు వాచి బూరెలా అయితే ఎలా తీయను? నేను బిక్కమొహం వేస్తే వాడే గద పక్కన పెట్టి, "నీ పేరు మీద నేను తీస్త, నువ్వు లెక్కవెట్టు" అని ఇరవయ్యీ తీశాడు. ప్రతి పదికీ నా వైపు చూసి కళ్లెగరేశాడు. ఆ తర్వాత నేనూ అనడం మానేశాను. ఎంతగా మానేశానంటే, నా మొదటి కాన్పుకు మంత్రసాని నా నోరు చూసి బెదిరిపోయింది. "అరువు బిడ్డా, మొత్తుకో, లోపట పెట్టుకోకు, నీ కాళ్లు మొక్కుత" అని నా గడ్డం పట్టుకుని బతిమాలింది. నేను అరవలేదు.

ఇవన్నీ అన్నలు తిరిగే రోజులు. అన్నలంటే నక్సలైట్లు, మా వైపు అలాగే అనేవాళ్లం. ఊళ్లలో దొరల గడీలు ఖాళీ అవుతున్నాయి, గోడల మీద ఎర్ర రాతలు, పొద్దు గుంకాక బస్సుల్లేవు. వయసు పిల్లవాడు ఇంట్లోంచి బయటికి పోతే వచ్చేదాకా తల్లులు గుమ్మంలోనే. తాలీం మీద రెండు వైపుల వాళ్ల కన్నూ పడింది. ఒక సాయంత్రం ఒకతను వచ్చి, మర్యాదగానే కూర్చుని, "మీ పొల్లగాండ్లు మంచిగున్నరు ఉస్తాద్, గీ బలం జనానికి అక్కరకు రావాలె" అన్నాడు. బాపు అతనికి మజ్జిగ ఇచ్చి, "అన్నా, గీ మట్టిల దిగినోనికి నేను చెప్పేది ఒక్కటే. ఇక్కడ నేర్సింది గోదా దాటద్దు. దాటుతదంటె నేను నేర్ప" అన్నాడు. అతను నవ్వి వెళ్లిపోయాడు. తర్వాత పోలీసులు వచ్చి తాలీంకు వచ్చేవాళ్ల పేర్లు అడిగారు. బాపు వాళ్లకీ మజ్జిగ ఇచ్చాడు, అదే మాట చెప్పాడు. వాళ్లు నవ్వలేదు. భయపడి చాలామంది పిల్లలు రావడం మానేశారు. అవ్వ కొన్నాళ్లు మూసేయమని పోరింది. తప్పు చేయనివాడికి భయమేమిటని బాపు వినలేదు.

ఆ ఎండాకాలం బీర్పూర్ వైపు ఒక జాతరలో కుస్తీలు పెట్టారు. మా వైపు జాతర కుస్తీలు కొబ్బరికాయ పందెంతో మొదలై వెండి కడెం పందెంతో ముగుస్తాయి. కడెం కుస్తీ అన్న గెలిచాడు. నేను చూడలేదు, గంగాధర్ చెప్పాడు. గంగాధర్ మా గల్లీ వాడే, అన్నకు జతగాడు, తాలీంలో అందరికంటే ఎక్కువసార్లు బస్కీలు తీసినవాడు. అబ్బా అనకుండా ఒక్క రోజూ గడిపిన పాపాన పోలేదు. ఇద్దరూ కడెం చూసుకుంటూ బస్సులో వస్తుంటే రాయికల్ దాటాక పోలీసులు బస్సు ఆపారు. వయసు పిల్లలందరినీ కిందికి దించి అంగీలు విప్పించారు. అరచేతులు చూశారు, మోచేతులూ మోకాళ్లూ చూశారు. అడవిలో పాకుతూ తిరిగేవాళ్లకు అక్కడ చర్మం కాయలు కాస్తుందని వాళ్ల లెక్క. గోదాలో పదేళ్లు దొర్లినవాడికి ఎలా ఉంటుంది? కర్రా గదా తిప్పిన అరచేయి ఎలా ఉంటుంది? ఇద్దరినీ జగిత్యాలకు తీసుకుపోయారు.

గంగాధర్ మర్నాడే తిరిగి వచ్చాడు. మొహం వాచి ఉంది, చొక్కా లేదు. సరాసరి మా దొడ్లోకి వచ్చాడు. బాపు పారతో మట్టి తవ్వుతున్నాడు. గంగాధర్ గోదా గట్టు మీద కూలబడి చెప్పిన మాటలు అవ్వా నేనూ కొట్టం గుమ్మంలో నిలబడి విన్నాం. "నేను మొదటి దెబ్బకే అవ్వా అని మొత్తుకున్న ఉస్తాద్. కాళ్లమీద పడ్డ. దేవుండ్లందరి పేర్లు సదివిన. గీడు గొర్రెపిల్ల, గీనితోని ఏమైతది, పొమ్మని ఇడిసిండ్రు. మల్లేశం మాత్రం నోరు తెరువలే. నువ్వు చెప్పినట్టే ముక్కుతోని ఊపిరి ఇడుసుకుంట నిలబడ్డడు. గందుకే ఇంక ఎక్కువ కొట్టిండ్రు. మామూలు మనిషైతె గిన్ని దెబ్బలకు మొత్తుకోడా, గీనికి అడవిల ట్రైనింగ్ అయ్యిందన్నరు. ఎవడు నేర్పిండ్రా నీకు, ఎవడు నేర్పిండ్రా అని అడిగి అడిగి కొట్టిండ్రు."

"ఏమన్నడు?" అని అడిగాడు బాపు.

"మా బాపు నేర్పిండు సార్, అన్నడు. అడిగినప్పుడల్ల గదే మాట."

బాపు చేతిలో పార అలాగే ఉంది. మేం ఎవరం ఏడవలేదు. మా ఇంట్లో ఏడుపు ఎప్పుడో పోయింది కదా.

బాపు తెల్లగా ఉతికిన ధోతీ కట్టుకుని జగిత్యాలకు పోయాడు. పోలీసుల ఎదుట చేతులు కట్టుకుని, మొత్తుకోవద్దని నేనే నేర్పాను, అది మా తాలీం నియమం, అబ్బా అంటే ఇరవై బస్కీలు తీయాలి, అందుకే వాడు అనలేదు, అంతే సార్, అని చెప్పుకున్నాడట. విన్నవాళ్లు పడీపడీ నవ్వారట. ఇంతకంటే మంచి కథ దొరకలేదా ముసలోడా అన్నారట. ఆ తర్వాత వాళ్లే కోరుట్లకు వచ్చి కొట్టమంతా వెతికారు. గదల్ని గొడ్డలితో చీల్చారు, కర్రలన్నీ జీపులో వేసుకున్నారు, మోకు కోశారు. అవ్వ వాళ్ల కాళ్లు పట్టుకుని పసుపు డబ్బా చూపించింది, మజ్జిగ కుండ చూపించింది, ఇదేనయ్యా మేం మట్టిలో కలిపేది, ఇందులో ఏముందయ్యా అని. ఊరి పెద్దమనుషులు ఎక్కని మెట్టు లేదు. చివరికి అన్నను వదిలిపెట్టారు. ఎవరి బండిలోనో తెచ్చి మా అరుగు మీద పడుకోబెట్టారు.

వాడి తొడలు చూసి అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. ఊళ్లో తల్లులు తమ పిల్లలకు చూపించి అలా కావాలని చెప్పే తొడలవి. వాటి మీద రోకలి పెట్టి, ఇద్దరు మనుషులెక్కి దొర్లించారట. మోకాళ్లు మడత పడవు. మూత్రంలో నెత్తురు. బాపు వేపాకు వేసి నీళ్లు కాచి, తుడిచి, నూనె వెచ్చజేసి రాయడం మొదలుపెట్టాడు. ఏ నరం ఎక్కడ పట్టేసిందో వేళ్లతో తడిమి తెలుసుకునే మనిషి, ఆ రోజు అడిగి అడిగి రాశాడు. నొక్కితే ఎక్కడ నొస్తుందో అన్న చెప్పడం లేదు. చెప్పకపోతే రాసేవాడికి ఎలా తెలుస్తుంది? కళ్లలో నీళ్లు కారుతున్నా పెదవులు బిగించే ఉన్నాయి. "మల్లేశా, నొత్తె అను బిడ్డా. అబ్బా అను. నీ ఉస్తాదును నేనే అంటున్న, అనురా ఒక్కసారి" అన్నాడు బాపు. అన్న కళ్లు తెరిచి, వాచిన పెదవులతోనే నవ్వి, "అంటె ఇరవై బస్కీలు తియ్యాలె గద బాపూ. యాడ తీస్త?" అన్నాడు.

బాపు నూనె గిన్నె కింద పెట్టి దొడ్లోకి పోయాడు. గోదా మధ్యలో కూర్చుని గొంతెత్తి ఏడ్చాడు. గల్లీ అంతా వినబడింది. ఆయన నోటి వెంట నేను విన్న మొదటి ఏడుపూ చివరి ఏడుపూ అదే. "కుస్తీ నేర్పిన గని నా కొడుక్కు ఏడ్సుడు నేర్పకపోతి" అని ఆ మట్టిని పిడికిళ్లతో గుద్దాడు. మర్నాడు గల్లీ ఆడవాళ్లను పిలిచి, మట్టి తీసుకుపోయి వాకిళ్లు అలుక్కోండమ్మా అన్నాడు. పసుపూ నూనే కలిసిన మట్టి కదా, గంపలతో మోసుకుపోయారు. ఆ ఏడాది మొదటి వాన పడ్డప్పుడు మా గల్లీ పొడవునా తాలీం వాసన వచ్చింది. బాపు లేచి తలుపు మూసేశాడు.

తాలీం మూసినా ఆయనకు ఒక్క శిష్యుడు మిగిలాడు. రోజూ పొద్దున్నే అన్నను గోడకు నిలబెట్టి మడమ పైకెత్తమనేవాడు. తలుపు చట్రం పట్టుకుని అరచెయ్యంత కిందికి వంగమనేవాడు. చంటిపిల్లవాడికి నేర్పినట్టు మళ్లీ మొదటి నుంచి నేర్పాడు. ముందే గట్టిపడిన ఒళ్లు కాబట్టి తిరిగి నిలబడిందని డాక్టరు అన్నాడు, వేరేవాళ్లయితే మంచంలోనే ఉండేవాళ్లట. ఆ మాట బాపుకు సంతోషమిచ్చిందో, ఇంకా కుంగదీసిందో నాకు తెలియదు. అన్న నడిచాడు. కానీ గుంట మగ్గంలో కాళ్లు దించి కూర్చోలేకపోయాడు. అందుకే సిరిసిల్ల పోయి మరమగ్గం మీద చేరాడు, అక్కడ సాంచా అంటారు, దాని దగ్గర నిలబడి పనిచేయవచ్చు. పెళ్లి చేసుకున్నాడు, ఒక కొడుకును కన్నాడు. సాంచాల మోతలో ముప్ఫై ఏళ్లకు పైగా నిలబడ్డాడు. ఎవరి మీదా కోపం చూపలేదు. ఎప్పుడైనా వెళ్లి కాళ్లు ఎలా ఉన్నాయని అడిగితే, మంచిగున్నయి, అనేవాడు. బాపు పోయేముందు కూడా అన్న మోకాలి మీద చెయ్యి వేసి అదే అడిగాడు. అదే జవాబు విన్నాడు.

నిరుడు అన్నకు అన్నం సయించడం లేదని వదిన ఫోను చేస్తే వెళ్లాను. మనిషి సగమయ్యాడు. బలవంతంగా పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. పరీక్షలు చేసిన డాక్టరమ్మ మమ్మల్ని పక్కకు పిలిచి కోపంగా, క్యాన్సర్ కడుపంతా పాకింది, ఇది నెలలుగా ఉన్న నొప్పి, మామూలు మనిషైతే నేలమీద పడి పొర్లాడతాడు, ఇంట్లో ఇంతమంది ఉండి ఒక్కరికీ తెలియలేదా అని అడిగింది. వదిన, "గాయన ఎన్నడన్న అంటే గదమ్మా తెలిసేది. నాతోని ఇన్నేండ్లు బతికిండు, ఒక్కసారి అబ్బా అనలే" అని గోడకు తల కొట్టుకుంది. ముందే చెప్పి ఉంటే చేయడానికి ఏదో ఉండేదట. నేను లోపలికి వెళ్లి చూశాను. కళ్లు మూసుకుని, పెదవులు బిగించి, ముక్కుపుటాలు మెల్లగా కదిలిస్తూ పడుకుని ఉన్నాడు. కోరుట్ల గోదాలో ఇద్దరు ముగ్గురి బరువు కింద ఎలా ఉండేవాడో అలాగే ఉన్నాడు. అలాగే పోయాడు.

ఇవన్నీ నేను ఆ నీలం పరుపుల గదిలో కూర్చుని తలచుకుంటూ ఉండగా, బస్కీల మధ్యలో అక్షిత చెయ్యెత్తింది. "సార్, మోకాలు నొస్తుంది" అని అందరి ముందూ గట్టిగా చెప్పింది. నవ్వుతారేమో అని చుట్టూ చూశాను. ఎవరూ నవ్వలేదు. సార్ వచ్చి ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఎక్కడ, లోపలా పక్కనా, నిన్న కూడా ఉందా అని అడిగి, పక్కన కూర్చోబెట్టి మంచు సంచీ ఇచ్చాడు. "నొప్పి దాసుకునుడు బలం కాదు. చెప్పినోళ్లే ఎక్కువ రోజులు ఆడుతరు" అని మిగతా పిల్లలకు వినబడేలా అన్నాడు. అదే చెమట, అవే బస్కీలు, అదే తొడల బలం, అదే భయం పోగొట్టే చదువు. మా బాపుకు తెలిసిందంతా ఈ కుర్రాడికి తెలుసు. ఈ ఒక్కటీ అదనంగా తెలుసు. ఈ ఒక్క దానికి మా ఇంట్లో ఒక మనిషి ఖర్చయిపోయాడు.

పిల్ల మోకాలికి పెద్దగా ఏమీ కాలేదు, కాసేపటికే గంతులేసింది. తిరిగి వస్తుంటే ఆ నిటారు మెట్లు దిగడం నాకు కష్టమైంది. నా మోకాళ్లు అరిగిపోయి చాలా ఏళ్లయింది, ఆ సంగతి నా పిల్లలకు తెలియదు. కడ్డీ పట్టుకుని, నోరు బిగించి, ఒక్కో మెట్టూ దిగుతున్నాను. ముందు పోతున్న అక్షిత వెనక్కి తిరిగి నా మొహం చూసింది. పైకి ఎక్కి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"నొస్తుందా అమ్మమ్మా?"

ఏం లేదు పద, అనబోయాను. ఆ మాట నాలుక చివరే ఉంటుంది, యాభై ఏళ్లుగా. కానీ ఆ పిల్ల కళ్లు అచ్చంగా మల్లేశానివి, కోడిని కోస్తే ఏడ్చిన మల్లేశానివి. నేను మెట్టు మీదే కూర్చుండిపోయాను.

"నొత్తంది బిడ్డా. మస్తు నొత్తంది" అన్నాను.

"మరి చెప్పవేంది?" అని కసురుకుని, పక్కన కూర్చుని నా మోకాలి మీద రెండు చేతులూ వేసి నొక్కింది. నాకు తెలియకుండానే అబ్బా అన్నాను. గట్టిగానే అన్నాను, కింద దుకాణంలో వాళ్లు తలెత్తి చూశారు. ఇక ఇరవై బస్కీలు తీయాలి. నా పేరు మీద తీయడానికి అన్న లేడు.